చేను కాపలాకు మంచె: పంట అదునుకు ముందే వేసుకునే తీరు

నెల్లూరు జిల్లాలో వెలిగొండల కింద ఉదయగిరి, సీతారాంపురం మెట్టల్లో గానీ, ప్రకాశం వైపు కొండవాలు చేలల్లో గానీ వేరుశనగ వేసిన రైతుకు రాత్రి నిద్ర రెండుసార్లు కరువవుతుంది. విత్తనం మట్టిలో పడ్డాక మొదటి పది రోజులు ఒకసారి, ఊడలు దిగి కాయ ఊరుతున్నప్పటి నుంచి పీకేదాకా మరోసారి. మొదటిసారి అడవిపందులు సాళ్ల వెంట ముట్టెతో పెళ్లగించి గింజ తింటాయి. రెండోసారి మొక్కతో సహా తిరగేస్తాయి. కంది, పెసర మీదికి జింకలు, దుప్పులు వచ్చి చివుళ్లు, లేత కాయలు కొరికిపోతాయి. మంచె వీటన్నిటికీ ఒకటే, అయితే అది విత్తడానికి ముందే నిలబడి ఉండాలి. పంది ఒక రాత్రి రుచి మరిగాక వేసిన మంచె సగం మంచే.

ఒక మాట ముందుగా తేల్చుకోవాలి. వేటగాడి మంచె దాక్కోవడానికి, కాపలా మంచె కనిపించడానికి. వేటగాడు ఆకుల చాటున ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు, తన వాసన జంతువుకు తగలకుండా గాలికి ఎదురుగా ఉండేట్టు చూసుకుంటాడు. కాపలావాడు ప్రతిదీ దానికి తిరగేసి చెయ్యాలి. వాసన తగలాలి, వెలుగు కనపడాలి, చప్పుడు వినపడాలి. దీన్ని మరిచి చేను మూల చెట్టు గుబుర్లో మంచె వేసుకుని "పందులు నా కింద నుంచే పోయినాయి" అంటే తప్పు పందిది కాదు.

మంచె మీద తుపాకీ, చేను చుట్టూ ఉచ్చు, గట్టు మీద నాటుబాంబు, కంచెకు కరెంటు తీగ — వీటిలో ఏదీ కాపలా కిందికి రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింక, దుప్పి, కణితి దేన్ని చంపినా నేరమే. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు కూడా. 2022 సవరణ తర్వాత అడవిపంది ఆ చట్టం రెండో షెడ్యూలులో, అంటే రక్షణ ఉన్న జంతువుల పట్టికలో ఉంది. కరెంటు తీగకు పంది కన్నా ముందు తెల్లవారుజామున మోటారు వెయ్యడానికి వచ్చే మనిషి తగులుకుంటాడు.

చోటు చూసుకోవడం

విత్తడానికి రెండు మూడు వారాల ముందు, ఒక వాన పడ్డ మర్నాడు పొద్దున్నే చేను చుట్టూ ఒక తిరుగుడు తిరగండి. తడి మట్టిలో గిట్టల జాడ చక్కగా పడుతుంది. పంది జాడలో రెండు ముందు గిట్టల వెనక పక్కలకు రెండు చిన్న గుంటలు కనపడతాయి, జింక జాడ సన్నగా, ముందుకు కోసుగా ఉంటుంది. వాగు పక్క చెట్ల మొదళ్లకు మోకాటి ఎత్తున బురద రుద్దిన మరక ఉంటే అది పందుల దారి. అవి రోజూ ఇంచుమించు ఒకే సందులోంచి దిగుతాయి. ఆ సందుకు ఎదురుగా, గట్టు నుంచి 15, 20 గజాలు చేను లోపలికి మంచె రావాలి. గట్టు మీదే వేస్తే పక్క నుంచి చుట్టూ తిరిగి వస్తాయి. చేను నడిమధ్య వేస్తే మీకు తెలిసేలోగా నాలుగు సాళ్లు పోతాయి. ఒక్క మంచె మీద ఒక్క మనిషి నిజంగా కాయగలిగింది రెండు మూడెకరాలే. అంతకుమించితే పక్క చేను వాళ్లతో మాట్లాడుకుని ఎదురెదురుగా రెండు వేసుకోవడం మేలు.

గాలి సంగతి మన జిల్లాలో కలిసొచ్చేదే. కొండ మనకు పడమర. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి తోలుతుంది. మంచె మీద మనిషి వాసన, బీడీ వాసన, పొగ అన్నీ నేరుగా కొండ వైపు పోతాయి. పందికి చూపు తక్కువ, ముక్కు ఎక్కువ. కాబట్టి కొండ వైపు గట్టుకు తూర్పున వేసిన మంచె మీరు కునుకు తీసినా కొంత పని చేస్తుంది.

కరెంటు తీగలకు కనీసం 25 అడుగుల ఎడం ఉంచండి. మంచె కూలినా, కర్రలు ఎత్తుతూ చెయ్యి జారినా తీగ అందకూడదు. ఒంటరి తాడిచెట్టు పక్కన వద్దు, పిడుగు ముందు దాన్నే వెతుక్కుంటుంది. పుట్ట ఉన్న చోట చెద సంగతి అటుంచి, రాత్రి దిగేటప్పుడు కాలు పెట్టేది అక్కడే అని గుర్తుంచుకోండి.

ఎత్తు, కొలతలు, సరుకు

ఒక్క వేరుశనగకే అయితే ఆరడుగుల ఎత్తు చాలు. కంది, సజ్జ, మొక్కజొన్న కూడా వేసేవాళ్లకు ఎనిమిది అడుగులు కావాలి, లేకపోతే పైరు పెరిగాక కంకుల మీది నుంచి చూపు పోదు. పది, పన్నెండుకు పోకండి. ఎత్తు పెరిగేకొద్దీ ఊగడం పెరుగుతుంది, చూపు పెద్దగా పెరగదు.

ఇక్కడ చెప్పేది 8 అడుగుల మంచె. పైన తల్పం 6 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. కింద కాళ్ల మధ్య దూరం 8, 7 అడుగులు. అంటే కాళ్లు ఒక్కో వైపుకు అడుగు చొప్పున కిందికి విచ్చుకుంటాయి. నిటారు కాళ్ల మంచె చూడ్డానికి చక్కగా ఉంటుంది, గాలికి మాత్రం ఊయలే.

సరుకు: కాళ్లకు పంగ ఉన్న గుంజలు నాలుగు, పంగ కొసతో కలిపి 12 అడుగులు, మొదట్లో 5, 6 అంగుళాల లావు. దూలాలు రెండు, 8 అడుగులు, 4 అంగుళాల లావు. అడ్డకర్రలు ఏడు, ఆరున్నర అడుగులు, 3 అంగుళాల లావు. ఏటవాలు కట్టుకర్రలు ఎనిమిది, 10 అడుగులు, రెండున్నర అంగుళాలు. నిచ్చెనకు 13 అడుగుల కర్రలు రెండు, మెట్లకు ఒకటిన్నర అడుగు ముక్కలు పది. కటకటాకు (తల్పం చుట్టూ కట్టే అడ్డుగెడలకు), కప్పుకు మంచి వెదురు గెడలు పన్నెండు, తల్పానికి చీల్చి పరవడానికి ఇంకో నాలుగైదు. కట్టడానికి 8 గేజి జీఐ తీగ రెండు కిలోలు, 10 మిల్లీమీటర్ల కొబ్బరి తాడు 60 మీటర్లు, తాటాకులు 50 దాకా, పురికొస.

దూలాలకు, అడ్డకర్రలకు సరుగుడు బాగుంటుంది. కావలి నుంచి కోట దాకా తీరం వెంబడి తోటలున్నాయి కాబట్టి నిటారైన కర్ర దొరకడం కష్టం కాదు. జామాయిల్ కూడా పనికొస్తుంది, అది ఎండేకొద్దీ మెలి తిరుగుతుంది, చీలుతుంది. కాళ్లకు పంగలు గట్టు మీది వేప కొమ్మల్లోనో, నల్లతుమ్మలోనో దొరుకుతాయి. సర్కారు తుమ్మ కావలసినంత ఉంది, గట్టిది, చెద కూడా తొందరగా అంటదు, కానీ పన్నెండడుగులు వంకర లేకుండా దొరికితే అదృష్టమే. రిజర్వు అడవిలోకి గొడ్డలి పట్టుకుని పోవద్దు. అది 1967 అటవీ చట్టం కింద కేసు, పైగా ఆ నాలుగు కర్రల కోసం తిరిగే తిరుగుడు పంట నష్టం కన్నా ఎక్కువ.

పంగ చూసి కొయ్యడం

మంచె బలమంతా ఈ నాలుగు పంగల్లో ఉంది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి. పంగలోకి దగ్గరగా చూడండి. రెండు కొమ్మలు కలిసే చోట బెరడు నున్నగా, కాస్త పైకి ఉబ్బి గీతలా ఉంటే కొయ్యలు లోపల కలిసిపోయాయన్నమాట, అది గట్టిది. బెరడు లోపలికి ముడుచుకుని సందులా పోయి ఉంటే లోపల కొయ్య కలవలేదు. చూపుకు ఎంత లావున్నా దూలం బరువు పడి ఊగితే ఆ సందు వెంటే నిలువునా చీలుతుంది. పంగ నోరు దూలం లావుకు సరిగ్గా, అంటే 4 అంగుళాలు ఉండాలి. మరీ ఇరుకైతే దూలం మేకులా దిగి పంగను తెరుస్తుంది. అప్పుడు బాడిసెతో అడుగు కాస్త గుండ్రంగా చెక్కండి. మరీ వెడల్పైతే దూలం దొర్లుతుంది. రెండు పక్కలా చెక్క ముక్కలు కొట్టి బిగించాలి. ఏదైనా సరే, పంగకు రెండంగుళాల కింద జీఐ తీగ ఆరేడు చుట్లు చుట్టి, పట్టకారుతో మెలేసి, కొసను లోపలికి వంచి కొట్టండి. వంచకపోతే చీకట్లో లుంగీ అక్కడే తగులుకుంటుంది, చెయ్యీ గీరుకుంటుంది.

పంగలు దొరక్కపోతే సరుగుడు గుంజకే దూలాన్ని పక్కన ఆనించి 12 మిల్లీమీటర్ల బోల్టుతో బిగించవచ్చు. బోల్టు ఒక్కదాని మీద బరువు వెయ్యకూడదు. దూలం కింద అడుగు పొడవు దిమ్మ ఒకటి గుంజకు రెండు బోల్టులతో బిగించి, దూలం దాని మీద కూర్చునేటట్టు చెయ్యాలి. గుంజకు గాడి పెడితే మూడో వంతుకు మించి లోతు పోకూడదు. పచ్చి సరుగుడుకు నేరుగా మేకు కొడితే చీలుతుంది, ముందు బరమాతో బెజ్జం వెయ్యాలి. తాడుతో మాత్రమే దూలాన్ని వేలాడదీసే మంచెలు చాలా కనపడతాయి. వాన తడికీ ఎండకీ తాడు సాగి నెలకు రెండంగుళాలు కిందికి దిగుతాయి.

గుంటలు, కాళ్లు నిలబెట్టడం

గుంజల మొదలు మూడున్నర అడుగుల మేర పైపైన నల్లబడేదాకా మంటలో కాల్చండి. చల్లారాక ట్రాక్టరులోంచి తీసేసిన పాత ఆయిలు రెండు పూతలు పూయండి. నేల పైకి అర అడుగు దాకా పూత రావాలి. కర్ర కుళ్లేది అడుగున కాదు, తడీ గాలీ కలిసే నేల మట్టం దగ్గర.

నేల మీద నాలుగు పుల్లలు గుచ్చి 8, 7 అడుగుల చతురం గుర్తు పెట్టండి. రెండు మూలల మధ్య కర్ణాలు రెండూ 10 అడుగుల ఏడున్నర అంగుళాలు వస్తే మూలమట్టం సరిగ్గా ఉన్నట్టు. ఒక్క అంగుళం తేడాకు కొంప మునగదు, నాలుగు అంగుళాలు తేడా వస్తే పైన దూలాలు కూర్చోవు.

గుంట మూడడుగుల లోతు, అడుగు వెడల్పు. సెప్టెంబరు చివర ఎర్రనేల రాయిలా ఉంటుంది. ముందురోజు సాయంత్రం రెండు బిందెల నీళ్లు పోసి వదిలేస్తే మర్నాడు గడ్డపార దిగుతుంది. గుంట అడుగుభాగం బయటికి ఏటవాలుగా, పొడవు వైపుకూ వెడల్పు వైపుకూ అడుగు లోతుకు ఒకటిన్నర అంగుళం చొప్పున జరగాలి, ఎందుకంటే కాలు అదే వాలులో లోపలికి పోవాలి. అడుగున గుప్పెడు మట్టి కాదు, ఒక బల్లపరుపు రాయి వెయ్యండి. కాలు నిలబెట్టాక పంగ నుంచి దారానికి రాయి కట్టి వేలాడదీస్తే ఆ రాయి కాలి మొదలుకు లోపలి వైపు మూలగా 1 అడుగు 5 అంగుళాల దూరాన నేలకు తగలాలి. నాలుగు పంగల నోళ్లూ దూలం పోయే వైపుకే తిరిగి ఉన్నాయో లేదో మట్టి పూడ్చకముందే చూసుకోండి. పూడ్చాక తిప్పబోతే ఆ గుంట మళ్లీ మొదటి నుంచే.

పూడ్చడం నేలను బట్టి. ఎర్రనేలలో తీసిన మట్టే, అరడుగు వేసి దిమ్మిస, మళ్లీ అరడుగు వేసి దిమ్మిస. ఒకేసారి నింపి పైన మాత్రం కుదిస్తే మొదటి వానకు కాలు కదులుతుంది. ప్రకాశం వైపు నల్లరేగడి అయితే ఆ మట్టి మళ్లీ లోపలికి పోనివ్వకండి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కాలి చుట్టూ వేలు దూరేంత పగులు ఇస్తుంది. గ్రావెలు, చిన్న రాళ్లు కలిపి నింపాలి. ఇసుక నేలలో నాలుగడుగులకు దిగండి, గుంజా ఆ మేరకు అడుగు ఎక్కువ ఉండాలి. కాలి అడుగుకు అడ్డంగా రెండడుగుల కర్ర ఒకటి కట్టి పూడిస్తే గాలికి పైకి లేవదు.

దూలాలు, తల్పం

దూలాలు రెండూ పంగల్లో కూర్చోబెట్టి తీగతో కట్టండి. వాటి మీద అడ్డకర్రలు ఏడూ అడుగుకొకటి. వాటి మీద చీల్చిన వెదురు బద్దలు, లోపలి తెల్లటి వైపు కిందికి, నున్నటి వైపు పైకి వచ్చేలా, వేలెడు సందు ఉంచుతూ పరిచి ప్రతి అడ్డకర్ర దగ్గరా కట్టండి. సందు లేకపోతే కూర్చున్న చోటే తడి నిలుస్తుంది. మీద గడ్డి, గోనెపట్ట వేసుకోవడం ఎవరిష్టం వాళ్లది.

ఏటవాలు కట్టుకర్రలు నాలుగు వైపులా గుణకారం గుర్తులా రావాలి. కింది కొస నేలకు అడుగు పైన, పై కొస దూలానికి అడుగు కింద. రెండు కర్రలు ఒకదాన్నొకటి దాటే చోట కూడా కట్టు పడాలి. ఇవి లేకుండా "కాళ్లు లావుగానే ఉన్నాయి కదా" అని వదిలేసిన మంచె ఎక్కిన ప్రతిసారీ పక్కకు ఊగుతుంది. ఆ ఊపుకు పూడ్చిన మట్టి వదులై, ఒక తడిసిన రాత్రి మొత్తం ఒక వైపుకు ఒరుగుతుంది.

పచ్చికర్ర ఎండి సన్నబడుతుంది. కట్టిన పదిహేను రోజులకు ప్రతి కట్టూ మళ్లీ బిగించాలి. ఈ ఒక్క పని చేసేవాళ్లు పదిమందిలో ఇద్దరుంటే ఎక్కువ. తాడు కట్టులో కర్రల మధ్య సందులోంచి అడ్డంగా మూడు చుట్లు చుట్టి లాగితే మొత్తం కట్టు బిగుస్తుంది, కొత్తగా విప్పి కట్టనక్కర్లేదు. నైలాను తాడు నున్నటి సరుగుడు మీద జారుతుంది, ఎండకు పెళుసెక్కుతుంది. కొబ్బరి తాడే నయం.

కటకటా మీద పిసినారితనం వద్దు. మంచె మీద జరిగే ప్రమాదం పందితో కాదు, నిద్రతో. తల్పానికి ఒకటిన్నర అడుగుల ఎత్తున ఒక గెడ, మూడడుగుల ఎత్తున ఇంకొకటి, అంచు వెంట పడుకున్న మనిషి దొర్లకుండా లావు కర్ర ఒకటి. నిచ్చెన వచ్చే సందుకు తీసి పెట్టే అడ్డగెడ.

నిచ్చెన ఊరి వైపు ఉండాలి, కొండ వైపు కాదు. వెలిగొండల కింద ఎలుగుబంట్లు కూడా తిరుగుతాయి. వాటి ఎదురుగా దిగే పని పెట్టుకోకూడదు. నిచ్చెన కాళ్లు అడుగు లోతు పాతి, పై కొసలు తల్పానికి మూడడుగులు పైకి వచ్చేట్టు నిలిపి దూలానికి కట్టండి. చేత్తో పట్టుకుని లోపలికి అడుగేసేది వాటిని పట్టుకునే. మెట్టు మెట్టుకు 11 అంగుళాలు. మెట్టు కూర్చునే చోట చిన్న గాడి చెక్కి కట్టకపోతే తడి కాలికి మెట్టు తిరుగుతుంది.

కప్పు

నెల్లూరులో మంచె పడేది కాళ్ల వల్ల తక్కువ, కప్పు వల్ల ఎక్కువ. నవంబరు, డిసెంబరు తుపాన్ల నెలలు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుపాను ముందు మన తీరం పక్క నుంచే పోయింది. గట్టిగా కట్టిన తాటాకు కప్పు అలాంటి గాలికి తెరచాపలా పనిచేస్తుంది. కాబట్టి కప్పును రెండు తడికలుగా విడిగా చేసి, తడికకు ఆరు చోట్ల జారుముడితో కట్టండి. తుపాను కబురు వచ్చిన రోజు పది నిమిషాల్లో విప్పి నేల మీద పరిచి, పైన రాళ్లు పెట్టేయవచ్చు.

కొప్పు తల్పానికి ఆరున్నర అడుగులు, చూర్లు నాలుగడుగులు. వాలు ఇంతకన్నా తగ్గితే తాటాకు కారుతుంది. నాలుగు వైపులా తడికలతో మూసుకోవాలనిపిస్తుంది, చలి అలాంటిది. ఈశాన్యం వైపు ఒక్కటే మూసుకోండి. కొండ వైపు తెరిచే ఉండాలి. రేకు వద్దు. చినుకు పడితే ఆ మోతలో పందుల గుంపు వచ్చి పోయినా వినపడదు. సజ్జకో జొన్నకో పిట్టల కాపలా కూడా చేసేవాళ్లు ఒక చివర రెండడుగులు కప్పు లేకుండా వదులుకోవాలి, లేకపోతే ఒడిసెల తిప్పడానికి చెయ్యి ఆడదు.

ఎక్కాక

మొదటి రాత్రికి ముందు పగలే ముగ్గురు ఎక్కి కాస్త ఊపి చూడండి. కిర్రుమన్న చోట కట్టు వదులుగా ఉన్నట్టు.

పందులు ఎక్కువగా దిగేది చీకటి పడ్డాక రెండు మూడు గంటల్లో ఒకసారి, తెల్లవారుజామున మరోసారి. రాత్రంతా డబ్బా కొట్టడం వల్ల గొంతు, ఓపిక పోతాయి తప్ప లాభం లేదు. జంతువు ఏ చప్పుడుకైనా నాలుగైదు రోజుల్లో అలవాటు పడుతుంది. బ్యాటరీ మైకులో రికార్డు చేసిన అరుపు ఒకటే రాత్రంతా తిరుగుతుంటే వారానికి పందులు దాని పక్కనే తవ్వుకుంటాయి. అరుపు మార్చాలి, మైకు చోటు మార్చాలి, మధ్యలో ఆపాలి. ఒక రాత్రి డబ్బా, ఒక రాత్రి టార్చి, ఒక రాత్రి రెండూ. గట్టు వెంట పాత చీరలు కట్టే అలవాటు మనకు ఉన్నదే. అవి గాలికి కదిలినన్నాళ్లు జింకలు జంకుతాయి. తడిసి కర్రకు అతుక్కున్నాక వాటికి అవి మామూలు చెట్లే.

టార్చి వెలుగు గుంపు మీద పడితే అవి వచ్చిన దారినే పోనివ్వండి. దిగి వెంటపడవద్దు. పిల్లలున్న ఆడపంది, దెబ్బ తిన్న ఒంటి పంది మనిషి మీదికి వస్తాయి. ఉరిమితే మాత్రం పంట సంగతి వదిలేసి వెంటనే దిగి ఇంటికి పోవాలి, ఆ చేలో అన్నిటికన్నా ఎత్తుగా ఉన్నది మీరే. దిగే ముందు నిచ్చెన మొదట్లో టార్చి వేసి చూడండి. మంచె కింద నీడకు, ఎలుకలకు రక్తపింజర చేరుతుంది. కింద నాలుగు గజాల మేర గడ్డి చెక్కి ఉంచండి, అన్నం మెతుకులు కింద పడెయ్యకండి.

పంట ఇంటికి చేరాక మంచెను ఎండలో వదిలెయ్యకుండా తీగలు, బోల్టులు విప్పి డబ్బాలో వేసుకుని, కర్రలు చెట్టు నీడన రాళ్ల మీద నేలకు అంటకుండా పేర్చండి. కాళ్లు పెకలించినప్పుడు నేల మట్టం దగ్గర చాకు గుచ్చి చూడండి. అర అంగుళం దిగితే ఆ గుంజ వచ్చే ఏడు కాలికి పనికిరాదు. కుళ్లు కోసేసి నిచ్చెన కర్రగానో, కటకటాగానో వాడుకోవచ్చు.